పాత పడికట్టు రాళ్ళ పక్కన కొత్త పిడికిళ్ళు: ఒక ప్రదర్శన డైరీ

మ్యూజియంలో పాత వస్తువుల పక్కన సొంత పని పెట్టబోయే ఆర్టిస్టుల కోసం, వాళ్ళకు స్టాండ్లూ పెట్టెలూ చేసిపెట్టేవాళ్ళ కోసం రాసిన లెక్కలివి. ఐడియా ఎలా తట్టింది, ఎంత సంబరపడ్డాను అన్న భాగం వదిలేశాను. ఎక్కడ చెడింది, ఎంత చెడింది, ఏం మార్చాను అన్నదే ఇక్కడ ఉంటుంది.

మొదలుపెట్టేనాటికి చేతిలో ఉన్నవి: ఒక గది, నాలుగు షోకేసులు, మ్యూజియం స్టోరులోంచి ఎంచిన 46 తూనిక వస్తువులు. వాటిలో ఇత్తడి రాళ్ళు, సీసపు రాళ్ళు, ఒక ఇనుప త్రాసు, ఒక చిన్న వెండి త్రాసు, పాత కాయితపు చిట్టా ఉన్నాయి. ప్రారంభానికి 150 రోజులు. ప్రదర్శన 12 వారాలు.

నేను చేస్తానని ఒప్పుకున్న పనులు ఏడు:

1. పిడికిళ్ళు: పన్నెండు మంది గుప్పిట బిగిస్తే లోపల మిగిలే ఖాళీని ప్లాస్టర్‌తో పోత పోయడం. ఇదే అసలు పని.
2. గాట్లు పెట్టిన ఓక్ చెక్క పీట, షోకేసు లోపల ఇత్తడి రాళ్ళ కింద.
3. వెండి త్రాసు కింద ఉన్ని ఫెల్ట్ పరుపు.
4. త్రాసు ముల్లు ఊగడాన్ని తీసిన వీడియో.
5. బరువు దించిన చప్పుళ్ళతో చేసిన సౌండ్.
6. పైకప్పు నుంచి వేలాడే జనపనార తాళ్ళు.
7. పాత రాళ్ళ అడుగుభాగాల మీద కాయితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసిన అచ్చులు.

ఏడోది మొదటి సమావేశంలోనే పోయింది. మ్యూజియం వస్తువు మీద కాయితం పెట్టి రుద్దడమా? అడిగినందుకు నాకే సిగ్గేసింది.

దశ 1: జాబితా, కొలతలు (రోజు 1 నుంచి 11)

నేను చేసిన మొదటి తప్పు క్యాటలాగు నమ్మడం. అందులో ఇనుప త్రాసుకి '612 మి.మీ.' అని ఒక్క కొలతే ఉంది. దాన్ని బట్టి షోకేసు స్కెచ్ గీసి, స్టాండు కూడా మొదలుపెట్టేశాను. తీరా చూస్తే అది త్రాసు కాడ పొడవు మాత్రమే. గొలుసులు దించి, పైన కొక్కెం కలిపి వేలాడదీస్తే ఎత్తు 742 మి.మీ. వచ్చింది. షోకేసు లోపలి ఎత్తు 690. స్టాండు పక్కన పడేశాను. నాలుగు రోజులు పోయాయి. త్రాసుకి విడిగా 850 మి.మీ. ఎత్తున్న యాక్రిలిక్ మూత చేయించాల్సి వచ్చింది.

ఆ తర్వాత ప్రతి వస్తువుకీ ఇదే వరస పాటించాను:

1. కొలత తీసేది మ్యూజియం కన్సర్వేటర్ (పాత వస్తువులు చెడకుండా చూసే నిపుణురాలు) చేయి. నేను అంకె రాసుకుంటాను, అంతే.
2. వస్తువు ఒట్టిగా ఎంత, ప్రదర్శనలో ఉండబోయే భంగిమలో ఎంత: రెండూ రాయాలి.
3. కాలిపర్స్ (వస్తువును రెండు కొసల మధ్య పట్టి కొలిచే పరికరం) కొసలకు పలచటి ఫోమ్ ముక్క అంటించాలి. లోహం లోహానికి తగలకూడదు.
4. అడుగుభాగం ఫోటో తప్పనిసరి.

నాలుగో అంశం నా బుర్రలో పుట్టింది కాదు. తొమ్మిదో రోజున కన్సర్వేటర్ మేడమ్ నల్ల ఫోమ్ మీద పెద్ద ఇత్తడి రాయిని బోర్లించారు. అడుగున, సరిగ్గా మధ్యలో కాకుండా కాస్త పక్కకి, చొక్కా బొత్తామంత గుండ్రటి మచ్చ. చుట్టూ ఇత్తడి పసుపు, మచ్చ మాత్రం బూడిద రంగులో మసకగా ఉంది. మచ్చ అంచున ఉలి జారిన గీత ఒకటి.

"ఇదేంటి మేడమ్?"

"సీసం. రాయి తూకానికి తక్కువొస్తే అడుగున గుంట తొలిచి సీసం పోసేవాళ్ళు. ఎక్కువొస్తే కాస్త గీకేసేవాళ్ళు. మీరు దీన్ని ఉత్త ఇత్తడి అనుకుని పని మొదలుపెట్టకండి."

క్యాటలాగులో 'ఇత్తడి' అని మాత్రమే ఉంది. ఆ సాయంత్రానికి 24 ఇత్తడి రాళ్ళూ బోర్లించి చూశాం. 17 రాళ్ళ కింద సీసం ఉంది. ఆ బొత్తాం మచ్చ ముందు ముందు నా పనిని ఎన్ని మలుపులు తిప్పుతుందో ఆరోజు నాకు తెలీదు.

ఇప్పటిదాకా లెక్క: మ్యూజియం వస్తువులు 46లో 5 పెళుసుబారాయని, 3 చోటు చాలక తీసేశాం. మిగిలినవి 38. నా పనులు 7లో 6.

దశ 2: సామగ్రి పరీక్ష (రోజు 12 నుంచి 71)

మూసిన షోకేసులో పెట్టే ప్రతి పదార్థం ఏదో ఒక ఆవిరి వదులుతూ ఉంటుంది. బయట గాలిలో అయితే చెదిరిపోతుంది. అద్దాల పెట్టెలో పోగుపడుతుంది. ఓక్ చెక్క, ఎం.డి.ఎఫ్. బోర్డు (చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసేది) వదిలే సేంద్రియ ఆమ్లాలు సీసాన్ని తెల్లటి పొడిగా మార్చేస్తాయి. ఉన్నిలోనూ, వల్కనైజ్ చేసి గట్టిపరచిన రబ్బరులోనూ ఉండే గంధకం వెండిని నల్లబరుస్తుంది. దీన్ని ముందే పట్టుకోవడానికి బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన ఆండ్రూ ఆడీ 1973లో ఒక పరీక్ష ప్రతిపాదించారు. ఆయన పేరుతోనే ఆడీ టెస్ట్ అంటారు. ఇప్పటికీ చాలా మ్యూజియంలు దీన్నో, దీని మార్పుల్నో వాడతాయి.

మేం చేసిన పద్ధతి:

1. 50 మి.లీ. గాజు గొట్టాలు, బిగుతు మూతలు. కడిగి, ఆరబెట్టి.
2. పరీక్షించే పదార్థం 2 గ్రాములు.
3. వెండి, రాగి, సీసం రేకు ముక్కలు ఒక్కోటి. సన్న గరుకు కాయితంతో రుద్ది, ద్రావణితో జిడ్డు తుడిచి, ఒకదానికొకటి తగలకుండా వేలాడదీయాలి.
4. లోపల అర మి.లీ. శుద్ధజలం.
5. 60 డిగ్రీల ఓవెన్‌లో 28 రోజులు.
6. పదార్థమేమీ లేకుండా రేకులూ నీళ్ళూ మాత్రమే ఉన్న గొట్టం ఒకటి. పోల్చుకోవడానికి అదే ఆధారం.

మొదటి విడత మొత్తం బూడిదలో పోసిన పన్నీరు. 28 రోజుల తర్వాత తెరిస్తే 12 గొట్టాల్లో 5 ఎండిపోయాయి, మూతలు వదులయ్యాయి. అంతకన్నా ఘోరం ఏంటంటే, ఖాళీ గొట్టంలోని సీసపు రేకు మీద మరక తేలింది. దగ్గరగా చూస్తే అది వేలిముద్ర. నాదే. "ఒక్క రేకే కదా" అని గ్లోవ్స్ లేకుండా తగిలించాను. పోల్చుకోవాల్సిన రేకే పాడైతే ఇక దేన్ని దేనితో పోలుస్తాం? పైగా సీసాన్ని ఒట్టి చేత్తో పట్టుకోవడం నా ఒంటికీ మంచిది కాదు. నైట్రైల్ గ్లోవ్స్ పెట్టె అర అడుగు దూరంలోనే ఉంది.

రెండో విడతలో మూతల మీద వేడికి కుంచించుకునే ప్లాస్టిక్ తొడుగు వేశాం. మూడు రోజులకోసారి గొట్టాలు తూచాం, నీళ్ళు తగ్గితే బరువులో తెలిసిపోతుంది. ఒక్కటీ ఎండలేదు. 71వ రోజున తెరిచినప్పుడు వచ్చిన ఫలితాలు:

పాసైనవి: ప్లాస్టర్, యాక్రిలిక్ షీటు, పాలిథిలీన్ ఫోమ్, రంగు వేయని ఉతికిన నూలు గుడ్డ, పౌడర్ కోటింగ్ (పొడి రంగును వేడితో కరిగించి వేసే పూత) వేసిన అల్యూమినియం.

కొన్ని నెలల వరకే పనికొచ్చేవి: నాలుగు వారాలు ఆరబెట్టిన యాక్రిలిక్ రంగు, వాసన రాని రకం సిలికాన్ (సందులు పూడ్చే జిగురు).

ఫెయిలైనవి: ఓక్ చెక్క, ఎం.డి.ఎఫ్. బోర్డు, ఉన్ని ఫెల్ట్, నల్ల రబ్బరు షీటు, వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్.

ఆ వెనిగర్ వాసనే ఎసిటిక్ ఆమ్లం. దాని గొట్టంలో సీసపు రేకు చూస్తే బూజు పట్టిన రొట్టె గుర్తొచ్చింది. ఓక్ గొట్టంలో కాస్త నయం, కానీ తెల్లపొడి స్పష్టంగా ఉంది. ఆ రేకు చూస్తున్నంతసేపూ నాకు బోర్లించిన ఇత్తడి రాయి అడుగున ఉన్న బొత్తాం మచ్చే కనిపించింది. నా మొదటి ప్లాన్ ప్రకారం ఆ మచ్చ ఓక్ పీట మీదే, పన్నెండు వారాలు ఆని ఉండేది.

మార్చినవి:

1. ఓక్ పీటను షోకేసులోంచి బయటికి తెచ్చి, గది మధ్యలో చూసేవాళ్ళు కూర్చునే బల్లగా చేశాను. గది గాలిలో ఓక్ వల్ల ఇబ్బంది లేదు, మూసిన పెట్టెలోనే ప్రమాదం. ఫెయిలైందంటే పారేయాలని కాదు.
2. షోకేసులో దాని స్థానంలో పౌడర్ కోటింగ్ అల్యూమినియం పలక. దాని మీద గాట్లు పెడితే పూత లేస్తుంది, అందుకని ముందు గాట్లు కోయించి తర్వాత పూత వేయించాలి. నేను తిరగేసి చేయించి ఒక పలక పాడుచేశాను.
3. ఉన్ని పోయి నూలు వచ్చింది. అందం తగ్గింది, ఒప్పుకుంటాను.

ఇంకో మాట. పరీక్ష మీరు పెట్టిన ఆ ముక్కకే వర్తిస్తుంది. అదే కంపెనీ రంగు కొత్త డబ్బా తెరిస్తే మళ్ళీ 28 రోజులు. అందుకే రంగు, సిలికాన్ కావలసినదానికి రెట్టింపు ఒకేసారి తెచ్చిపెట్టుకున్నాను.

ఇప్పటిదాకా లెక్క: పరీక్షించినవి 12. పాస్ 5, కొన్నాళ్ళకే 2, ఫెయిల్ 5. వృథా అయిన రోజులు: త్రాసు స్టాండుకి 4, మొదటి విడతకి 31. మొత్తం 35. మిగిలినవి 79.

దశ 3: ప్లాస్టర్‌లో దాక్కున్న నీళ్ళు (రోజు 52 నుంచి 90)

పరీక్ష ఓవెన్‌లో ఉండగానే పిడికిళ్ళు పోత పోశాను. 1000 గ్రాముల ప్లాస్టర్‌కి 700 మి.లీ. నీళ్ళ పాళ్ళు. గ్లోవ్స్ వేసుకున్న చేతిలో గట్టిపడబోయే ముద్ద పెట్టి, గుప్పిట బిగించి, వేడెక్కకముందే తీసేయాలి. చేతిలో పూర్తిగా గట్టిపడనిస్తే చర్మం కాలుతుంది. అసలు పద్ధతి అయితే ముందు మెత్తటి మట్టిని పిడికిట్లో నొక్కి, దాన్నుంచి అచ్చు తీసి, అచ్చులో ప్లాస్టర్ పోయడమే. మూడోవాళ్ళ నుంచి అలాగే చేశాను. మొదటి ఇద్దరికీ క్షమాపణ చెప్పుకున్నాను. 12 ముక్కలు, ఎందుకైనా మంచిదని ఇంకొకటి అదనంగా. మొత్తం 13.

మూడు వారాలయ్యాక, 74వ రోజున, ఖాళీ షోకేసులో 12 పిడికిళ్ళూ పెట్టి, డేటా లాగర్ (తేమను దానంతటదే నమోదు చేసే పరికరం) పడేసి, రాత్రికి మూసేశాం. పాత వస్తువులేవీ లోపల లేవు. అదే మమ్మల్ని కాపాడింది. సాయంత్రం 48 శాతం ఉన్న తేమ పొద్దుటికి 71.

మేడమ్ గ్రాఫు చూసి ఒక్కటే అడిగారు. "ఎప్పుడు పోశారివి?"

"మూడు వారాలైంది మేడమ్. ఆరిపోయాయి."

"ఎలా తెలుసు?"

ఎలా తెలుసంటే, ముట్టుకుంటే పొడిగా ఉన్నాయి. అంతే. తూచలేదు. తూనికల మీద ప్రదర్శన చేస్తూ సొంత వస్తువు తూచలేదు.

లెక్క చూస్తే ఒళ్ళు మండింది. ప్లాస్టర్ గట్టిపడటానికి దాని బరువులో 18.6 శాతం నీళ్ళు చాలు. మనం పోసేది 70 శాతం. మిగిలిన 51 శాతం పైచిలుకు మెల్లగా ఆవిరై బయటికి రావాల్సిందే. నేను చేసిన ఘనకార్యం ఏంటంటే, దుమ్ము పడుతుందని ఒక్కోదాన్నీ పాలిథిన్ కవర్లో చుట్టిపెట్టాను. ఇక నీళ్ళు ఎక్కడికి పోతాయి?

ఇంకో లెక్క. షోకేసు లోపల 1000 × 725 × 690 మి.మీ., అంటే అర ఘనపు మీటరు. 25 డిగ్రీల దగ్గర అంత గాలి పూర్తిగా తడిసినా పట్టే నీటి ఆవిరి సుమారు 11.5 గ్రాములే. 48 నుంచి 71కి ఎక్కడానికి 2.6 గ్రాములు సరిపోతుంది. అర చెంచా. నా పిడికిళ్ళలో ఇంకా 154 గ్రాములు ఉన్నాయని తర్వాత తేలింది.

ఆరబెట్టిన పద్ధతి:

1. కవర్లు తీసి, తీగ జాలీ మీద, ఒకదానికొకటి తగలకుండా.
2. ఫ్యాను, కిటికీ. ఎండలో పెట్టలేదు.
3. వేడి పెట్టాల్సి వస్తే 40 డిగ్రీలు దాటకూడదు. అంతకన్నా బాగా పైకి పోతే ప్లాస్టర్ తనలో కలుపుకున్న నీటినే వదిలేసి పైపొర పొడిబారుతుంది.
4. రోజూ ఒకే సమయంలో తూకం. వరసగా మూడు రోజులు 1 గ్రాము మించి తేడా లేకపోతే ఆరినట్టు.

మూడో నియమం ఎలా తెలిసిందంటే, అదనంగా పోసిన 13వ పిడికిలిని హెయిర్ డ్రయ్యర్‌తో తొందరపెట్టాను. చూపుడువేలు నొక్కిన గాడి మొత్తం సుద్దలా రాలిపోయింది. అదనపు ముక్క అక్కడితో సరి.

12 పిడికిళ్ళ మొత్తం బరువు, గ్రాముల్లో: పోసిన రోజు 1,880. కవర్లు తీసిన రోజు 1,466. ఆ తర్వాత 3వ రోజు 1,398, 6వ రోజు 1,347, 9వ రోజు 1,322, 12వ రోజు 1,313. 13, 14 రోజుల్లో 1,312 దగ్గర ఆగింది. మొత్తం బయటికి వచ్చిన నీళ్ళు 568 గ్రాములు, అర లీటరు పైమాటే.

89వ రోజున మళ్ళీ మూసి చూశాం. రాత్రి 48, పొద్దున 48.

దశ 4: ఎవరి పక్కన ఎవరు (రోజు 91 నుంచి 99)

చిట్టా పుస్తకాన్ని ఇత్తడి రాళ్ళతో ఒకే పెట్టెలో చూపించాలన్నది నా పట్టు. రాసినవాడి చేతిరాత, అతను తూచిన రాయి పక్కపక్కన. కుదరలేదు. రాళ్ళలో మూడింటి మీద పచ్చటి పొడి మచ్చలున్నాయి. అది క్లోరైడు వల్ల వచ్చే జబ్బు. తేమ 42 శాతం లోపు ఉంటే నిద్రపోతుంది, పైకి పోతే లేస్తుంది. కాయితానికేమో 45 నుంచి 55 కావాలి, మరీ ఆరిపోతే అంచులు పెళుసెక్కుతాయి. ఒక పెట్టెకి రెండు వాతావరణాలుండవు.

రెండు షోకేసులు, రెండు రకాలుగా సిద్ధం చేసిన సిలికా జెల్ (పెట్టెలో తేమను ఒకే స్థాయిలో పట్టి ఉంచే గుళికలు): రాళ్ళకి 40 శాతం, చిట్టాకి 50. రెంటినీ అద్దం నుంచి అద్దానికి 420 మి.మీ. ఎడంలో, 15 డిగ్రీల వంపుతో పెట్టాను. వాకిట్లోంచి చూస్తే ఒకటే పెట్టె అనిపిస్తుంది. దగ్గరికొస్తే మధ్యలో సందు తెరుచుకుంటుంది. మొదట చిరాకు పడ్డాను గానీ, ఇప్పుడు అడిగితే ఆ సందు నాకు ఇష్టం.

పిడికిళ్ళను పాత త్రాసు పళ్ళెంలో పెట్టడం అన్న రెండో పట్టు కూడా పోయింది. పాత త్రాసు మీద బరువు మోపరు, ఎంత తేలికైనా సరే. పళ్ళేల కింద 4 మి.మీ. ఇత్తడి కడ్డీలతో ఊతాలు కట్టాం. 3 మి.మీ. కడ్డీలు ముందు వాడాను, తలుపు గట్టిగా వేస్తే వణికాయి. పళ్ళెం ఆనే చోట పాలిథిలీన్ ఫోమ్. ముల్లు నిటారుగా నిలబడింది. చూసేవాళ్ళకి త్రాసు సరితూగినట్టుంటుంది, నిజానికి అది దేన్నీ తూచట్లేదు.

తాళ్ళు: జనపనార కాబట్టి పురుగుల భయం. సంచిలో గాలి తీసి, మూసి, మైనస్ 30 డిగ్రీల్లో మూడు రోజులు. తీశాక సంచి విప్పకుండా ఒక రోజు గదిలో వదిలేయాలి, లేకపోతే పైన నీళ్ళు చెమరుస్తాయి. దీన్లో ఏ గొడవా రాలేదు.

దశ 5: వెలుతురు (రోజు 100 నుంచి 111)

కాయితానికీ బట్టకీ సాధారణంగా 50 లక్స్ (వెలుతురు కొలత) మించనివ్వరు. దీపాలు 45కి సర్దాం. ఆ తర్వాత నా వీడియో ఆన్ చేసి చిట్టా మీద లక్స్ మీటర్ పెడితే 118. తెరమీద తెల్లటి వెనక రంగు వచ్చినప్పుడల్లా గదే వెలిగిపోతోంది. వీడియో కూడా ఒక దీపమే అన్న సంగతి నా లెక్కలో లేదు.

చేసిన మార్పులు, ఒక్కొక్కటిగా, ప్రతిసారీ కొలిచి:

1. ప్రొజెక్టర్ వెలుగు తగ్గించాను: 118 నుంచి 91. బొమ్మ మసకబారింది, మళ్ళీ పెంచాను.
2. తెరను 1.8 మీటర్ల నుంచి 3.4 మీటర్ల దూరం జరిపాను: 72.
3. వీడియో వెనక రంగు తెలుపు తీసి ముదురు బూడిద చేసి మళ్ళీ ఎడిట్ చేశాను: 53.
4. తెర అంచున 400 మి.మీ. నల్ల అడ్డుపలక: 49. దీపాలు కాస్త తగ్గించాక మొత్తం 46.

వారానికి 6 రోజులు, రోజుకి 8 గంటలు, 12 వారాలంటే 576 గంటలు. 118 దగ్గర వదిలేసి ఉంటే చిట్టా మీద పడే మొత్తం 67,968 లక్స్ గంటలు. 46 దగ్గర 26,496. ఆరు వారాలకి పేజీ తిప్పుతాం కాబట్టి ఒక్కో పేజీకి 13,248. రంగు వెలిస్తే మళ్ళీ రాదు, అందుకే ఈ కూడికలు.

తెల్లటి ప్లాస్టర్‌కి 46 లక్స్ చాలు. ముదురు రంగు పని చేస్తున్నవాళ్ళు మాత్రం మొదటి రోజే చీకటి గదిలో పెట్టి చూసుకోండి. స్టూడియో ట్యూబ్‌లైటు కింద కనిపించేదేదీ అక్కడ కనిపించదు.

దశ 6: నడిచిన రాళ్ళు (రోజు 112 నుంచి 118)

సౌండ్ పని కోసం గది మూలలో బేస్ స్పీకర్ పెట్టాం. చెవికి పెద్దగా వినపడని లోతైన 'ధన్' శబ్దం. మరుసటి పొద్దున అద్దపు అర మీద చిన్న ఇత్తడి రాయి ఒకటి పక్కకు తిరిగి ఉంది. ఎవరైనా తాకారా అని ముందు ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. కెమెరా పెట్టి, పక్కన స్కేలు ఉంచి, రాత్రంతా సౌండ్ వదిలాం. ఎనిమిది గంటల్లో రాయి 4 మి.మీ. జరిగింది.

మాంచెస్టర్ మ్యూజియంలో 2013లో ఒక చిన్న ఈజిప్టు విగ్రహం అద్దాల పెట్టెలో దానంతటదే తిరుగుతోందని పెద్ద వార్తయింది. విగ్రహం అడుగు కాస్త ఉబ్బెత్తుగా ఉండటం, నడిచే జనం, బయటి బండ్ల అదురు కలిసి తిప్పాయని తేల్చారు. మా రాయిది కూడా అదే కథ. అడుగున సీసం ముద్ద వెంట్రుకవాసి ఉబ్బి ఉంది, రాయి దాని మీద బొంగరంలా నిలబడింది. మళ్ళీ ఆ బొత్తాం మచ్చే.

ప్రయత్నించినవి: స్పీకర్ కింద ఫోమ్ పెడితే 4 మి.మీ. నుంచి 2.5. శబ్దం సగం చేస్తే 1. హెడ్‌ఫోన్లు పెడితే సున్నా, కానీ ఆ పనికి ఒంటికి తగిలే అదురే ప్రాణం. హెడ్‌ఫోన్లలో అది ఉత్త చప్పుడు. తీసేశాను.

ఇప్పటిదాకా లెక్క: నా పనులు 7లో 5. మ్యూజియం వస్తువులు 38. మిగిలిన రోజులు 32.

దశ 7: చీటీలు (రోజు 119 నుంచి 149)

అమెరికన్ ఆర్టిస్టు ఫ్రెడ్ విల్సన్ 1992లో బాల్టిమోర్‌లోని మేరీలాండ్ హిస్టారికల్ సొసైటీ స్టోరు తవ్వి ఒక ప్రదర్శన చేశాడు. ఒక అద్దాల పెట్టెలో నగిషీ వెండి పాత్రలు, వాటి మధ్య బానిసలకు వేసిన ఇనుప సంకెళ్ళు. చీటీ మీద 'లోహపు పని, 1793–1880' అని మాత్రం ఉంది. అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ రాసినా ఆ పెట్టె చచ్చిపోయేది. నేనూ ఆ దారిలోనే మాటలు కుదించి చీటీలు రాశాను. ప్లాస్టర్, బరువు గ్రాముల్లో, ఒక వరస సంఖ్య.

మ్యూజియంలోనే వేరే విభాగాల్లో పనిచేసే 14 మందిని పిలిచి చూపించాం. 9 మంది పిడికిళ్ళు కూడా పాతవే అనుకున్నారు. ఒకాయన ఏ కాలానివండీ అని అడిగారు. నాకు లోలోపల గర్వంగానే ఉంది. మ్యూజియం సేకరణ బాధ్యత చూసే క్యూరేటర్‌కి మాత్రం నచ్చలేదు.

"మీ సంఖ్యలు మా రిజిస్టరు సంఖ్యల్లా ఉన్నాయి. రేపు ఎవరైనా ఫోటో తీసుకుని వెళ్ళి, ఈ సంఖ్యతో మా స్టోరులో వెతికితే?"

ఆ మాట కాదనలేకపోయాను. విల్సన్ పెట్టెలో రెండూ మ్యూజియం వస్తువులే. నా పెట్టెలో ఒకటి వాళ్ళది, ఒకటి నాది. ఆ తేడా దాస్తే అది మోసం కిందికే వస్తుంది. బ్రిటిష్ ఆర్టిస్టు గ్రేసన్ పెర్రీ 2011లో బ్రిటిష్ మ్యూజియంలో తన పనుల్ని అక్కడి పాత వస్తువులతో కలిపి పెట్టినప్పుడు, ఊరూ పేరూ తెలియని పనివాళ్ళకు కట్టిన సమాధి అని చెప్పుకుంటూనే తన పేరు మాత్రం దాచుకోలేదు.

మార్పు: వరస సంఖ్యలు తీసేసి, పోత పోసిన సంవత్సరం పెట్టాను. మ్యూజియం చీటీలు తెలుపు, నావి లేత బూడిద. మళ్ళీ వేరే 14 మందికి చూపిస్తే పొరబడ్డవాళ్ళు 2. అక్కడ ఆపాం.

చీటీల అక్షరాలు 46 లక్స్‌లో చదవాలి కాబట్టి 14 పాయింట్ల నుంచి 20కి పెంచాం. ఇది ముందే చేయాల్సింది, రెండుసార్లు అచ్చు వేయించాను.

దశ 8: దించిన రోజు

12 వారాల లాగర్ రికార్డు: రాళ్ళ పెట్టెలో తేమ 38 నుంచి 41. చిట్టా పెట్టెలో 48 నుంచి 53. ఒకసారి కరెంటు పోయి ఏసీ ఆగినప్పుడు గదిలో 66కి పోయింది, పెట్టెల్లో 2 శాతం కూడా కదల్లేదు. సిలికా జెల్ తన పని చేసింది.

17 రాళ్ళూ మళ్ళీ నల్ల ఫోమ్ మీద బోర్లించాం. మేడమ్ ఒక చేత్తో పాత ఫోటో, ఇంకో చేత్తో భూతద్దం పట్టుకుని ఒక్కో మచ్చకీ మూడు నాలుగు నిమిషాలు తీసుకున్నారు. తెల్లపొడి ఎక్కడా లేదు. ఉలి జారిన గీత కూడా ఎలా ఉన్నది అలాగే ఉంది. పిడికిళ్ళ మొత్తం బరువు 1,311.

వాళ్ళ వస్తువులు సర్దడానికి ఇద్దరికి రెండు రోజులు పట్టింది. ప్రతిదానికీ దాని ఆకారంలో కోసిన ఫోమ్ గూడు, పైన మెత్తటి కాయితం, పెట్టె మీద ఫోటో. నావి నేను ఇరవై నిమిషాల్లో సర్దేశాను. గూళ్ళు చేసిన ట్రే స్టూడియోలో ఉండిపోయింది, బుడగల ప్లాస్టిక్ చుట్టి అట్టపెట్టెలో వరసగా పేర్చాను.

ఇంటికెళ్ళి తెరిస్తే 4వ పిడికిలి బొటనవేలి అంచు 3 మి.మీ. ఎగిరిపోయి ఉంది. అదనపు ముక్క హెయిర్ డ్రయ్యర్‌కే పోయింది కదా.

చివరి లెక్క: మ్యూజియం వస్తువులు 38కి 38. నావి 12లో 11.